అట్ట చెప్పిన మాట

వెనక గదిలో గోడకి ఎదురుగా నిలబడి సూదమ్మ పదకొండోసారి తుపాకీ ఎత్తింది. అందులో గుండు లేదు. ఇంట్లో ఎప్పుడూ ఉండదు. గోడ మీద ఆవిడ కంటి ఎత్తులో పెన్సిలుతో దిద్దిన నల్లటి చుక్క ఒకటి ఉంది, మినపగింజంత. ఇంటికి సున్నం వేయించిన ప్రతిసారీ అది మాసిపోయేది. మర్నాడే ఆవిడ కొలత పెట్టి మళ్లీ అక్కడే దిద్దుకునేది. ఎడమ మోచెయ్యి తుంటి మీద ఆనించడం, చెంపని తుపాకీ చెక్కకి తాకించడం, ఊపిరి నిండా పీల్చి సగం వదిలి తక్కిన సగాన్ని లోపల ఆపుకోవడం, ఎనిమిది అంకెలు లెక్కపెట్టేదాకా చుక్కని చూడడం, దించడం. రోజూ ఇరవైసార్లు. జ్వరం తగిలిన రోజుల్లో పదిసార్లు.

ముందు గదిలో ఆవిడ భర్త గడ్డం గీసుకుంటున్నాడు. రేడియో కట్టేసి ఉంది. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ సిటీ బస్సు నడిపాడు. రోజంతా హారన్ల మధ్య బతికిన మనిషి, పొద్దున్నే ఈ ఇరవై నిమిషాలు మాత్రం ఇంట్లో పిల్లిలా తిరిగేవాడు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కొత్తవాళ్లెవరైనా వస్తే మాత్రం, "మా ఇంట్లో తుపాకీ ఉందండీ, కాకపోతే నా చేతిలో లేదు" అని ముప్ఫై ఏళ్లుగా ఒకే జోకు వేస్తున్నాడు. సూదమ్మ ముప్ఫై ఏళ్లుగా దాన్ని వినీ విననట్టు లోపలికి వెళ్లిపోతోంది.

తుపాకీ కొసన ఇనుప వలయం ఉంటుంది. చుక్క దాని మధ్యలో నిలవాలి. ఇవాళ నిలవలేదు. కూర్చోవడానికి చోటు వెతుక్కునే ఈగలా వలయం చుక్క చుట్టూ తిరిగింది. ఎనిమిది లెక్కపెట్టి దించేసింది.

నెల రోజులుగా ఇదే వరస. మొదట్లో అనుమానం కళ్ల మీదికి పోయింది. కళ్లజోడు మార్చింది. తర్వాత సీసపు గుళ్ల మీదికి పోయింది. పాత డబ్బా పక్కన పెట్టేసి కొత్తది తెరిచింది. ఒళ్లు కాస్త తగ్గడం వల్ల కోటు వదులైందేమోనని పక్క కుట్లు లోపలికి వేసుకుంది. తుపాకీ మీదున్న మరలన్నీ ఒకదాని తర్వాత ఒకటి బిగించి చూసింది. ఇక మిగిలింది తుపాకీ లోపలి సంగతి. దాన్ని అనుమానించడానికి ఆవిడకి మనసొప్పలేదు. కానీ అది కూడా కాకపోతే మిగిలేదేమిటో ఆవిడకి బాగా తెలుసు. అందుకే ఆ ఒక్క అనుమానాన్నీ చివరిదాకా దాచుకుంది.

ఇరవైసార్లూ అయ్యాక తుపాకీని గుడ్డ సంచిలో పెట్టి, చెప్పులేసుకుని వీధిగది దాటుతుంటే భర్త అద్దంలోంచే అడిగాడు.

"ఇవాళ ఎలా ఉంది?"

"గాలెక్కువగా ఉందండీ."

మూసిన గదిలో గాలేమిటని ఆయన అడగలేదు. చెంప మీద నురగ తుడుచుకుంటూ, "జాగ్రత్తగా వెళ్లు" అన్నాడు.

ఆవిడకి యాభై ఏడేళ్లు. పెద్దాసుపత్రిలో రక్తం తీసే గదిలో ముప్ఫై నాలుగేళ్లుగా పనిచేస్తోంది. డాక్టరు కాదు, నర్సు కాదు. పొద్దున్న ఏడున్నర నుంచి ఒంటిగంటదాకా ఒకరి తర్వాత ఒకరు చెయ్యి చాపుతారు, ఆవిడ నరం చూసి సూది గుచ్చుతుంది, గొట్టం నింపి చీటీ అంటించి పంపిస్తుంది. ఆసుపత్రిలో ఎవరిని ఏం కదిపినా డాక్టర్ల పేర్లు చెబుతారు. ఆ గది ముందు బెంచీల మీద మాత్రం అందరి నోటా సూదమ్మే. పిల్లలు పెట్టిన పేరది. ఒక్క పోటుతో పనైపోతుందనీ, చీమ కుట్టినట్టు కూడా ఉండదనీ చెప్పుకునేవారు. వరసలో ముందున్నవాళ్లు కూడా, రక్తం తీసే రెండో కుర్చీ ఖాళీ అయినా అటు వెళ్లేవారు కాదు. "మీరు వెళ్లండి, మాకు తొందరేం లేదు" అని వెనకవాళ్లకి దారిచ్చి, ఆవిడ కోసం కూర్చునేవారు.

తుపాకీ ఆ సూది వల్లే వచ్చింది. ఇరవై ఆరేళ్ల వయసులో ఓ ఆదివారం, ఒక క్లబ్బులో అందరికీ రక్తపరీక్షలు చెయ్యాలంటే ఆసుపత్రివాళ్లు ఆవిడని పంపారు. మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ గోదాము అది. ఒక చివర బల్లలు, పది మీటర్ల దూరాన రెండో చివర, నల్లటి గుండ్రంలో నడిమికి పోయేకొద్దీ పది దాకా అంకెలు పెరిగే అట్ట కార్డులు. క్లబ్బు చూసుకునే హవల్దారు గారు సైన్యంలో చేసి వచ్చినవాడు. చెయ్యి చాపి కూర్చుని, సూది దిగుతున్నంతసేపూ తన చేతిని వదిలేసి ఆవిడ చేతినే చూశాడు. దూది అద్దుకుంటూ, "ఊపిరి ఆపి గుచ్చుతావేమ్మా నువ్వు?" అన్నాడు. అప్పటిదాకా ఆ సంగతి ఆవిడకే తెలియదు. "ఒక్కసారి ఇది పట్టుకుని చూడు" అని గాలి తుపాకీ అందించాడు. మొదటి గుండు ఎక్కడికి పోయిందో ఎవరికీ దొరకలేదు. ఏడో గుండు నల్లదాని మధ్యలో పడింది. ఆ రోజు ఇంటికి ఆలస్యంగా చేరింది.

అత్తగారు నెల్లాళ్లు మాట్లాడలేదు. కోడలు తుపాకీ పట్టడమేమిటని వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోయింది. రెండేళ్లు గడిచేసరికి అదే అత్తగారు, కోడలు చంటిపాపని ఒడిలోంచి దించి వెళ్లి పోటీలో కప్పు పట్టుకొచ్చిందని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. ఓ వేసవిలో వీధిలో దొంగల భయం పుడితే, ఇరుగుపొరుగులంతా కలిసొచ్చి సూదమ్మని కాపలా ఉండమన్నారు. "పది మీటర్ల దూరంలో కదలకుండా నిలబడితేనే నేను కొట్టగలనండీ. అదీ రెండు నిమిషాలు టైమిస్తే. దొంగతో ఒకసారి మాట్లాడి ఒప్పించండి" అందావిడ. అత్తగారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

గోదాము తలుపు తెరిచే ఉంది. చెమ్మ పట్టినప్పుడల్లా ఆ గోడలు ఇప్పటికీ సబ్బు వాసన కొడతాయి. ఎనిమిది వరసల్లో అయిదు మాత్రం పనిచేస్తున్నాయి. కొత్త క్లబ్బుల్లో గుండు తగిలిన చోటు తెర మీద వెలుగుతుందిట. ఇక్కడ ఇంకా చేత్తో తిప్పే చక్రాలే. చక్రం తిప్పితే తీగె మీద కార్డు కిర్రుమంటూ ముందుకి వస్తుంది. హవల్దారు గారికి ఎనభై దాటాయి. ఒక చెవి వినబడదు, మోకాళ్లు వంగవు. అయినా తాళంచెవులు ఇంకొకరికి ఇవ్వడు.

సూదమ్మ కోటు తొడుక్కుంది. తోలూ కాన్వాసూ కలిపి కుట్టిన ఆ కోటు వేసుకుంటే మనిషి కొయ్యబొమ్మలా బిగుసుకుపోతుంది. పక్కనున్న లీవరు లాగి, గుండు పెట్టి, మూసి, తుపాకీ ఎత్తింది. మొదటి గుండు. కార్డు తెప్పించుకోకముందే పక్కనున్న నోటుపుస్తకంలో రాసుకుంది: 'రెండు గంటల వైపు, ఎనిమిది.' చక్రం తిప్పింది. గడియారంలో రెండు ఉండే దిక్కున, ఎనిమిదో గీత మీద చిల్లు.

హవల్దారు గారు మొదటి ఏడాదే నేర్పిన పద్ధతి అది. గుండు ఎక్కడ పడిందో కార్డు చూడకముందే చెప్పాలి. ట్రిగ్గరు నొక్కిన క్షణంలో చూపు ఎక్కడుందో ఒప్పుకోవడం నేర్చుకుంటే చాలు, మిగతాదంతా అదే వస్తుందనేవాడు. చాలామందికి ఇదే చేతకాదు. ఎనిమిది పడితే కార్డు కదిలిందంటారు, వెలుతురు మారిందంటారు, పక్కవాడు దగ్గాడంటారు. సూదమ్మ ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ పక్కవాడి దగ్గు మీదికి నెట్టలేదు. ఒకప్పుడు పెద్ద పోటీలో ఆవిడ పేరు అందరికన్నా పైన ఉంది. ఆఖరి గుండు పేల్చగానే, అది తన కార్డు మీద కాక పక్కమ్మాయి కార్డు మీద పడిందని ఆవిడకి తెలిసిపోయింది. లెక్కవేసేవాళ్లు ఆవిడ కార్డులో ఒక చిల్లులోంచే రెండు గుళ్లు పోయాయనుకుని పదికి పది వేసేశారు. పక్కమ్మాయి కార్డులో మాత్రం చిల్లొకటి ఎక్కువొచ్చింది. అది ఆ అమ్మాయి నెత్తికి చుట్టుకునేలా ఉంది. సూదమ్మ లేచి బల్ల దగ్గరికి వెళ్లి, "ఆ చిల్లు నాదండీ" అంది. మూడో స్థానానికి దిగిపోయింది. ఇంటికొచ్చాక భర్త అంతా విని, "ఎవరూ చూడలేదు కదే" అన్నాడు. "నేను చూశానుగా" అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. మూడో స్థానానికిచ్చిన ఆ చిన్న కప్పులో ఇప్పుడు పెన్నులూ, ఒక కత్తెరా ఉంటాయి.

అయిదు గుళ్లు అయ్యాక కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ దగ్గర ఒక చొక్కా గుండీ ఉంది, చేతి పట్టీకి కుట్టేలాంటి చిన్నది. మంచి రోజుల్లో అయిదు చిల్లులూ ఆ గుండీ కింద దాక్కునేవి. ఇవాళ గుండీ పెడితే రెండు లోపల, మూడు బయట.

"హవల్దారు గారూ" అని పిలిచింది. వినబడే చెవి వైపు వెళ్లి మళ్లీ పిలిచింది. "తుపాకీ ఒకసారి మీరు చూడాలి. ఇసక బస్తా మీద పెట్టి."

ఆయన ఆవిడ మొహం వైపు చూసి బస్తా తెచ్చుకున్నాడు. కుర్చీలో కూర్చుని, తుపాకీని బస్తా మీద పడుకోబెట్టి, చేతి బరువు దాని మీద పడకుండా భుజం మాత్రం ఆనించాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఒక్కో గుండూ తాపీగా పెట్టుకుంటూ అయిదు పేల్చాడు. సూదమ్మ చక్రం తిప్పింది. కార్డు దగ్గరికి వస్తున్నకొద్దీ మధ్యలో ఒకే ఒక చిరుగు కనబడింది. చిటికెన వేలి గోరంత. అయిదూ అందులోంచే పోయాయి.

ఆయన ఆ కార్డు తీసి ఆవిడ కార్డు పక్కన పెట్టాడు.

"తుపాకీది తప్పు లేదమ్మా" అన్నాడాయన.

"లేదండి."

"నీది మాత్రం తప్పా ఏమిటి? వయసుకి ఎవరేం చేస్తారు?"

సూదమ్మ కుడిచెయ్యి చాపి వెలుతురులో పెట్టింది. మామూలు కంటికి ఏమీ తెలియదు. తదేకంగా చూస్తే చూపుడు వేలి కొస, దూరాన లారీ పోతుంటే కిటికీ అద్దం అదిరినట్టు, సన్నగా అదురుతోంది.

"మా అమ్మకీ ఇలాగే మొదలైందండి. చివరికి గ్లాసు రెండు చేతుల్తో పట్టుకునేది" అంది. "మీరు పోటీలు ఎలా మానేశారు?"

"మానేశానని ఎవరు చెప్పారు? పోటీలే నన్ను మానేశాయి. నేను ఇప్పటికీ వారానికి పాతిక గుళ్లు కాలుస్తాను. అయిదు కార్డు మీద పడతాయి, మిగతావి గోడకి." ఆయన నవ్వాడు. "దాంతో ఎవరికేం నష్టం? నువ్వూ కాల్చు. ఎనిమిదులు పడితే ఎనిమిదులు రాసుకో. అట్టముక్కకి నొప్పి తెలియదు కదమ్మా."

ఆయన మామూలుగానే అన్నాడు. సూదమ్మ మాత్రం కోటు బొత్తాములు విప్పుతున్నదల్లా ఆగిపోయింది. నెల రోజులుగా మనసు ఏ వీధిలోకి తిరగకుండా జాగ్రత్తపడుతోందో, ఆ వీధిలోకే ఆ మాట ఆవిడని తీసుకెళ్లి నిలబెట్టింది. తుపాకీని హవల్దారు గారి దగ్గరే ఉంచి, తను కాల్చిన కార్డు మడవకుండా నోటుపుస్తకంలో పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించింది. ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. సూది గుచ్చేటప్పుడు చిటికెన వేలు ఎదుటివాళ్ల చేతి మీదే ఆనుకుంటుంది, కాబట్టి అదురు అణిగిపోతుంది. పది మీటర్ల దూరాన గోరంత తేడా చూపించేది, మనిషి చర్మం మీద వెంట్రుకవాసి కూడా చూపించదు. ఇంకో ఏడాది, ఒళ్లు దగ్గర పెట్టుకుంటే రెండేళ్లు లాగించవచ్చు. ఉద్యోగం ఇంక మూడేళ్లేగా. కిందటి వారం ఒక యువకుడికి రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. అతను చొక్కా చెయ్యి దించుకుంటూ, "పర్లేదమ్మా, నా నరాలే అంత" అన్నాడు. తప్పు తన నరాల మీద వేసుకుని వెళ్లిపోయాడు పాపం.

ఏడున్నరకి గది ముందు బెంచీలు నిండిపోయాయి. గదిలో రెండు కుర్చీలు. ఒకటి ఆవిడది, రెండోది పొడుగాయనది. నలభై ఏళ్ల మనిషి, గుమ్మంలోంచి తల వంచుకుని రావాలి. తొమ్మిదేళ్ల కిందట ఆవిడే అతనికి పని నేర్పింది. చెయ్యి మంచిది, నోరే లేదు. పలకరించకుండా గుచ్చేస్తాడని జనం అతని కుర్చీకి జంకుతారు. సూదమ్మ గుచ్చే ముందు ఏదో ఒకటి అడుగుతుంది. అన్నం తిన్నారా, ఏ బస్సులో వచ్చారు, ఈ రంగు చీర ఎక్కడ తీసుకున్నారు. తర్వాత, "ఊపిరి నిండా పీల్చండి. సగం వదలండి. ఆపండి" అంటుంది. ఎదుటివాళ్లు ఆపుతారు, ఆవిడా ఆపుతుంది. ఆ నిశ్శబ్దంలో సూది దిగిపోతుంది.

పది గంటలదాకా ఇరవై ఆరుగురు. అందరికీ ఒక్క పోటే. ప్రతిసారీ లోలోపల ఒక మాట చెప్పుకుంది, కార్డు చూడకముందు చెప్పుకున్నట్టుగానే. 'సరిగ్గా పడింది.' 'కాస్త పక్కకి.' 'కాస్త పక్కకి.' 'సరిగ్గా.' 'పక్కకి, కానీ అతనికి తెలియలేదు.' ఆ చివరి మాట దగ్గర ఆవిడకి తన మీద తనకే చిరాకేసింది.

ఇరవై ఏడోవాడు దర్జీ మాస్టారు. డెబ్బై రెండేళ్లు. నాలుగు నెలలుగా పెద్ద జబ్బుకి మందెక్కిస్తున్నారు. రెండు వారాలకోసారి మందు ఎక్కించే ముందు రక్తం చూడాలి. ఆ మందు దెబ్బకి చేతుల్లో నరాలన్నీ తడిసిన దారాల్లా ముడుచుకుపోయాయి. ఎడమ చేతి వెనకవైపు ఒక్కటి మాత్రం ఇంకా మాట వింటోంది. అది కూడా చితికిపోతే ఇక పాదాల్లో వెతకాలి. ఒకప్పుడు సూదమ్మ కోటు కుట్టింది ఆయనే. బొమ్మ చూపిస్తే, "ఇది మనిషికా, గుర్రానికా?" అని అడిగి, మూడు సూదులు విరగ్గొట్టుకుని మరీ కుట్టిపెట్టాడు.

"సూదమ్మా, ఇవాళ వర్షమొచ్చేలా ఉంది. త్వరగా కానివ్వు" అని ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆ చెయ్యి ఎముకలకి కాగితం చుట్టినట్టుంది.

సూదమ్మ పట్టీ కట్టింది. వేలితో తడిమింది. నరం దొరికింది, దారప్పోగంత. సూది మూత తీసింది. "ఊపిరి పీల్చండి మాస్టారూ. సగం వదలండి." ఆయన ఆపాడు. ఆవిడా ఆపింది. సూది కొస ఆ చర్మానికి బియ్యపుగింజంత ఎత్తులో ఉంది, ఉన్నచోట ఉండకుండా చిన్న సున్నా చుడుతోంది. చిటికెన వేలు ఇంకాస్త గట్టిగా ఆనిస్తే అణిగిపోతుంది. గుచ్చితే పదింట తొమ్మిదిసార్లు తగులుతుంది.

ఎనిమిది లెక్కపెట్టి ఆవిడ చెయ్యి దించేసింది. సూదికి మూత పెట్టింది.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు ఊపిరి వదిలి.

"మాస్టారూ, ఇవాళ మా తమ్ముడు తీస్తాడు." పొడుగాయన వైపు తిరిగింది. "ఇటు రా నాయనా. నా కుర్చీలో కూర్చో."

మాస్టారు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "వద్దు వద్దు. నీ కోసమేగా గంటన్నర కూర్చున్నాను. ఆ పెద్దమనిషి నోరు విప్పడు, నాకు భయం."

"నేను పక్కనే ఉంటాను. మాటలు నావి, సూది అతనిది."

"ఎందుకమ్మా? నీకేమైంది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. జ్వరమనో, కళ్లు తిరుగుతున్నాయనో అంటే సరిపోయేది. ఆవిడ కుడిచెయ్యి ఎత్తి ఆయన కళ్లకెదురుగా పెట్టింది. నలభై ఏళ్లకి పైగా సూదిలో దారం ఎక్కించిన మనిషి. ఆ వేలి కొసని రెండు క్షణాలు చూసేసరికి ఆయనకి అర్థమైపోయింది. ఎడమ చెయ్యి మళ్లీ బల్ల మీద పెట్టి, కుడి చెయ్యి ఆవిడకిచ్చాడు.

పొడుగాయన ఆవిడ కుర్చీ అంచున కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ మాస్టారి చెయ్యి పట్టుకుని, "మనవరాలి గౌను పూర్తయిందా?" అని అడిగింది. "మెడ దగ్గర కుట్లు మిగిలాయి" అన్నాడాయన. "ఊపిరి పీల్చండి. సగం వదలండి. ఆపండి." ముగ్గురూ ఆపారు. గొట్టంలోకి రక్తం ఎర్రగా, నెమ్మదిగా ఎక్కింది.

"అయిపోయిందా?" అన్నాడు మాస్టారు.

"అయిపోయిందండి" అన్నాడు పొడుగాయన. పేషెంటుతో అతను మాట్లాడడం ఆ గదిలో చాలామంది అదే మొదటిసారి వినడం.

మాస్టారు దూది నొక్కుకుంటూ అతన్ని ఎగాదిగా చూశాడు. "బానే తీశాడు. కాకపోతే వచ్చేసారి కూడా మాటలు నువ్వే చెప్పాలి" అని సూదమ్మతో అని లేచాడు.

మిగిలినవాళ్లకి పొడుగాయనా, పక్క వార్డు నుంచి పిలిపించిన నర్సూ తీశారు. సూదమ్మ చీటీలు రాసింది. ఒంటిగంటకి గది ఖాళీ అయ్యాక పెద్ద నర్సు గదికి వెళ్లింది. పెద్ద నర్సు ఆవిడకన్నా ఏడేళ్లు చిన్న. కుర్చీ చూపించి, "ఏంటక్కా, ఇవాళ సగంలో ఆపేశారట? ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగింది.

"ఎవరూ అనలేదమ్మా. ఇదుగో, ఇది అంది" అని సూదమ్మ పొద్దుటి కార్డు బల్ల మీద పెట్టింది.

పెద్ద నర్సు దాన్ని అటూ ఇటూ తిప్పింది. "అన్నీ నల్లదాంట్లోనే ఉన్నాయిగా? నాకైతే ఒక్కటీ తగలదు."

"నల్లదాంట్లో పడితే చాలనుకుంటే నాకూ బానే ఉన్నట్టే. రెండు నెలల కిందట ఈ అయిదూ ఇంత చోటులో పడేవి." ఆవిడ బొటనవేలూ చూపుడు వేలూ దగ్గరగా పట్టి చూపించింది. "చెయ్యి అదురుతోందమ్మా. ఇక్కడ ముందు కనబడింది. మనుషుల దగ్గర కనబడేదాకా ఆగడం నాకిష్టం లేదు. నన్ను సూది మీంచి తీసేసి శాంపిళ్ల గదిలో వెయ్యి. చీటీలు రాయగలను, లెక్క చూడగలను."

"మీ మీద ఒక్క ఫిర్యాదు లేదక్కా. ఒక్కటంటే ఒక్కటి. ఇంకో ఏడాదైనా..."

"ఫిర్యాదు రాకముందే అడుగుతున్నాను."

పెద్ద నర్సు కార్డుని ఆవిడ వైపు జరిపింది. తన కూతురు పుట్టినప్పుడు, రెండు కిలోలు కూడా లేని ఆ పసిగుడ్డు తల మీద నరం వెతికి సూది పెట్టింది ఈవిడేనని ఆమెకి గుర్తొచ్చినట్టుంది. కళ్లు తుడుచుకుని కాగితం లాక్కుని, "రేపట్నుంచా?" అంది.

"ఇవాళ్టి నుంచే."

రెండు దాటినా ఆవిడ కిందికి రాకపోయేసరికి, రోజూ స్కూటరు మీద తీసుకెళ్లడానికి వచ్చే భర్త మెట్లెక్కి పైకి వచ్చాడు. గదిలో ఎవరూ లేరు. సూదమ్మ సొరుగు ఖాళీ చేస్తోంది. ఒక దువ్వెన, పాత కళ్లజోడు, పిల్లలకిచ్చే రంగు కాగితాలు, చలికాలపు స్వెట్టరు.

"సూది మానేశానండీ" అంది తల ఎత్తకుండా. "చెయ్యి..."

"తెలుసు."

ఆవిడ తలెత్తింది.

"నెలయింది నీకు టీ గ్లాసు నిండా పొయ్యడం మానేసి" అన్నాడాయన. "మూడొంతులే పోస్తున్నాను. రెండుసార్లు చీర మీద ఒలకబోసుకున్నావు, గుర్తులేదూ? నువ్వు చెబుతావులే అని ఊరుకున్నా."

ఆవిడ సొరుగు మూసింది. "నన్నడిగితే ఏం పోయేది?"

"ముప్ఫై ఏళ్లలో నిన్ను ఎవరు అడిగారు గనక? ఏం పడిందో నువ్వే ముందు చెబుతావుగా." స్వెట్టరు మడతపెట్టి సంచిలో పెట్టాడు. "తుపాకీ మాటేమిటి మరి? అమ్మేద్దామా? నా జోకు పోతుందని బాధగా ఉంది."

"తుపాకీ ఎందుకమ్ముతాను? రేపొద్దున్న మళ్లీ వెళ్తాను. ఎనిమిదులు పడతాయి, ఏడులు పడతాయి. పడనివ్వండి." కొంగుతో మొహం తుడుచుకుని, ఈసారి నిజంగానే నవ్వింది. "నాకు పదుల కన్నా ఆ ఊపిరి ఆపుకోవడమే ఇష్టం. మొదట్నుంచీ అంతే."

ఆయన సంచి అందుకున్నాడు. బయట చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ మెట్లు దిగుతుంటే, ఎదురొచ్చిన పొడుగాయన పక్కకి ఒదిగి నిలబడి దారిచ్చాడు. "రేపటి నుంచి గుచ్చే ముందు ఏదో ఒకటి అడగవయ్యా. ఏం తోచకపోతే ఏ బస్సులో వచ్చారని అడుగు" అందావిడ. అతను తలూపాడు.

పైకి వెళ్లి అతను గదిలో దీపం వేశాడు. బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. రోగులు మోచెయ్యి పెట్టుకోవడానికి ఆవిడ ఎన్నడో ఇంటి నుంచి తెచ్చిన చిన్న దిండు మాత్రం బల్ల అంచున అలాగే ఉంది. ఉతికి ఉతికి నీలం రంగు తెల్లబడిపోయిన ఆ దిండు మధ్యలో, ఎన్ని వేల మోచేతులు ఆనుకున్నాయో, చిన్న గుంట పడి ఉంది.